మాగ్యార్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఎలా స్థిరపడ్డారు: తరచుగా అడిగే ప్రశ్నలు

హంగేరీ చరిత్ర మాట కదిలితే చాలు, అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. వీళ్లు హూణులా, టర్కులా? 895లో అసలేం జరిగింది? యూరప్ నడిమధ్య ఆ వింత భాష ఏమిటి? అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. వలస వచ్చిన మాగ్యార్లు, అంటే హంగేరియన్లు, తమ గురించి తాము రాసుకున్న గ్రంథమంటూ ఏదీ మిగల్లేదు. మనకు దొరికేదల్లా శత్రువులూ ఇరుగుపొరుగువాళ్లూ రాసిందీ, మూడు వందల ఏళ్ల తర్వాత వాళ్ల వారసులే అల్లుకున్నదీ. సమాధులు చెప్పేది మరికొంత.

## పుట్టిల్లు: ఉరల్ కొండల వైపు

మాగ్యార్ల అసలు ఊరు ఏది?

ఒక ఊరనీ ఒక లోయనీ వేలు పెట్టి చూపించలేం. భాష మాత్రం ఉరల్ కొండల వైపు దారి చూపిస్తుంది. హంగేరియన్‌కు అతి దగ్గరి చుట్టాలు మాన్సీ, ఖాంతీ భాషలు. పశ్చిమ సైబీరియాలో ఓబ్ నది పరీవాహక ప్రాంతంలో కొన్ని వేలమంది ఇప్పటికీ అవి మాట్లాడతారు. ఫిన్నిష్, ఎస్టోనియన్ దూరపు చుట్టాలు. చేపను హంగేరియన్‌లో 'హల్' అంటే ఫిన్నిష్‌లో 'కలా' అంటారు. నీళ్లు ఇక్కడ 'వీజ్', అక్కడ 'వెసి'.

తవ్వకాలు కూడా ఆ వైపే చూపిస్తాయి. ఇప్పటి టాటర్‌స్తాన్‌లో ఉన్న బోల్షీ తిగానీ శ్మశానంలో శవంతో పాటు గుర్రం తల, కాళ్ల ఎముకలు పెట్టారు. ముఖం మీద కప్పే గుడ్డకు కళ్ల దగ్గర వెండి రేకులు కుట్టారు. సరిగ్గా ఇవే అలవాట్లు, వేల కిలోమీటర్ల అవతల, హంగేరీలోని పదో శతాబ్దపు సమాధుల్లోనూ కనబడతాయి.

వెనకాల ఉండిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. నాకు ఈ చరిత్రంతటిలో బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. తూర్పున ఎక్కడో మన పాత చుట్టాలు మిగిలిపోయారన్న మాట హంగేరీలో తరాలుగా వినబడుతూ ఉండేది. 1235లో నలుగురు డొమినికన్ సన్యాసులు వాళ్లను వెతుక్కుంటూ బయల్దేరారు. దారి కష్టాలకు ఇద్దరు వెనక్కి తిరిగారు, ఒకాయన చనిపోయాడు. జూలియన్ అనే ఆయన ఒక్కడే వోల్గా ఒడ్డున ఉన్న బల్గర్ల రాజ్యానికి చేరాడు. అక్కడి పట్నంలో కాపురముంటున్న ఒక మాగ్యార్ ఆడపడుచు, తనవాళ్లు ఎక్కడుంటారో ఆయనకు దారి చెప్పింది. వెళ్లి చూస్తే నిజంగానే ఉన్నారు. విడిపోయి నాలుగు వందల ఏళ్లు దాటినా ఒకరి మాట ఒకరికి అర్థమైంది.

జూలియన్ తిరిగొస్తూ ఒక చెడ్డ కబురు కూడా తెచ్చాడు: తూర్పు నుంచి మంగోలులు వస్తున్నారని. 1237లో రెండోసారి వెళ్లేసరికి ఆ తూర్పు మాగ్యార్ల దేశాన్ని మంగోలులు అప్పటికే తుడిచిపెట్టేశారు. నాలుగేళ్లలో, 1241 ఏప్రిల్ 11న, మోహీ మైదానంలో హంగేరీ సైన్యం కూడా వాళ్ల చేతిలోనే చిత్తయింది.

'మాగ్యార్', 'హంగేరియన్' ఒకటేనా?

ఒకటే జనం. మాగ్యార్ అనేది వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు. హంగేరియన్ బయటివాళ్లు పెట్టింది. 'పది బాణాలు' అనే అర్థం వచ్చే ఓనొగుర్ అనే టర్కిక్ తెగ పేరు నుంచి అది పుట్టిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్యపు రాతగాళ్లయితే వీళ్లను ఏకంగా 'టర్కులు' అనే రాశారు. పాత గ్రంథాల్లో ఆ మాట కనబడగానే ఇప్పటి టర్కీని ఊహించుకోకండి.

## గడ్డి మైదానాల్లో

ఖజార్లతో వీళ్లకు సంబంధం ఏమిటి?

తొమ్మిదో శతాబ్దంలో వోల్గా, డాన్ నదుల వైపు పెద్ద దిక్కు ఖజార్లు అనే టర్కిక్ జనపు ఖగన్‌దే, అంటే వాళ్ల రాజుదే. మాగ్యార్లు ఆయన నీడలో మిత్రులుగా బతికారు. బైజాంటైన్ చక్రవర్తి ఏడో కాన్‌స్టాంటైన్ సుమారు 950లో కొడుకు కోసం రాయించిన రాజనీతి గ్రంథంలో ఈ సంగతులు ఉన్నాయి. లెవెది అనే మాగ్యార్ పెద్దకు ఖగన్ గొప్పింటి ఖజార్ పిల్లనిచ్చి పెళ్లి చేశాడు. పిల్లలు మాత్రం కలగలేదు. తర్వాత 'మీ అందరి మీద రాజుగా ఉండు' అని ఖగన్ అడిగితే, ఆ బరువు తాను మోయలేనని, ఆల్మోష్‌నో ఆయన కొడుకు ఆర్పాద్‌నో చూసుకోమని లెవెది తప్పుకున్నాడు. ఖజార్ల ఆచారం ప్రకారం ఆర్పాద్‌ను డాలు మీద నిలబెట్టి పైకెత్తి రాజును చేశారని ఆ గ్రంథం చెబుతుంది.

ఖజార్ల మీద తిరగబడి ఓడిపోయిన కబార్లు అనే మూడు వంశాలవాళ్లు కూడా వచ్చి మాగ్యార్లలో కలిశారు. యుద్ధంలో ముందు వరుస వాళ్లదే.

'ఏడు తెగలు' అంటారు కదా, అవి ఏవి?

నేక్, మెద్యెర్, క్యుర్త్‌ద్యర్మత్, తర్యాన్, యెనో, కేర్, కెసి. కాన్‌స్టాంటైన్ ఇచ్చిన పేర్లు ఇవి. వాటిలో మెద్యెరే మొత్తం జనానికి పేరైంది. ఈ పేర్లు ఇప్పటికీ ఊళ్ల పేర్లలో బతికే ఉన్నాయి: బుడాపెస్ట్‌లోని బేకాష్‌మెద్యెర్, పక్కనే ఉన్న బుడాకెసి, బుడాయెనో.

బుడాపెస్ట్ వీరుల కూడలిలో గుర్రాల మీద కనిపించే ఏడుగురు దొరల పేర్లు వేరు. ఎలోద్, ఓంద్, కోంద్, తాష్, హుబా లాంటి ఆ పేర్లు సుమారు 1200లో తన పేరు చెప్పుకోకుండా చరిత్ర రాసిన ఒక రాజోద్యోగి ఇచ్చినవి. ఆ రెండు జాబితాలనూ ఒకటిగా కలిపేయకూడదు.

ఎతెల్‌క్యోజ్ ఎక్కడుంది?

నల్లసముద్రానికి ఉత్తరాన, నీపర్ నుంచి డాన్యూబ్ దిగువ దాకా ఉన్న మైదానం. నీపర్, బుగ్, నీస్టర్, ప్రూత్, సిరెత్ నదులు పారే నేల. అంటే ఇప్పటి దక్షిణ ఉక్రెయిన్, మాల్దోవా. హంగేరీకి రాకముందు వీళ్ల ఆఖరి మజిలీ ఇదే.

ఇద్దరు రాజులు ఉండేవారట, నిజమేనా?

అరబిక్‌లో రాసిన పర్షియన్ భూగోళ రచయిత ఇబ్న్ రుస్తా అలాగే రాశాడు. పేరుకు పెద్ద రాజు కెండే, సైన్యాన్నీ పాలననూ నిజంగా నడిపేది జూలా. రాజు వెంట ఇరవై వేల గుర్రపు రౌతులు వెళతారని కూడా అన్నాడు. ఖజార్లలోనూ ఇలాంటి జంట పాలనే ఉండేది కాబట్టి నమ్మదగ్గ మాటే. ఆర్పాద్ ఆ ఇద్దరిలో ఎవరు, అప్పటి మరో నాయకుడు కుర్సాన్ ఎవరు అన్నదానిపై చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

అప్పట్లో వీళ్లను దగ్గర నుంచి చూసినవాళ్లెవరైనా ఉన్నారా?

స్లావులకు లిపి కూర్చిన సిరిల్ ఉన్నాడు. సుమారు 860లో క్రిమియాలో ప్రార్థన చేసుకుంటూ ఉండగా మాగ్యార్లు తోడేళ్లలా ఊళలు వేస్తూ ఆయన మీద పడ్డారని ఆయన జీవిత చరిత్రలో ఉంది. ఆయన బెదరలేదు, ప్రార్థన ఆపలేదు. వాళ్లే శాంతించి వదిలేశారట. పుణ్యపురుషుడి కథ కాబట్టి శాంతించిన తీరులో అతిశయోక్తి ఉండొచ్చు. ఊళలు మాత్రం వీళ్ల గురించి రాసినవాళ్లు చాలామంది చెప్పిందే.

## కొండలు దాటడం

895లో అసలేం జరిగింది?

మూడు రాజ్యాల గొడవలో మాగ్యార్లు ఇరుక్కున్నారు. బల్గేరియా రాజు సిమియోన్‌తో యుద్ధం వచ్చి బైజాంటైన్ చక్రవర్తి ఆరో లియో మాగ్యార్లను సాయం పిలిచాడు. తన ఓడల్లో వాళ్లను డాన్యూబ్ దాటించాడు. ఆర్పాద్ కొడుకు నడిపిన ఆ దండు సిమియోన్‌ను చావుదెబ్బ కొట్టింది. సిమియోన్ లియోతో రాజీ మాటలు నడుపుతూనే, తూర్పున ఉన్న పెచెనెగ్‌లు అనే సంచార జనాన్ని మాగ్యార్ల మీదికి ఉసిగొల్పాడు. మగవాళ్లు దండయాత్రలో ఉన్న సమయం చూసి పెచెనెగ్‌లు ఎతెల్‌క్యోజ్ మీద పడ్డారు.

వాళ్లు మాత్రం ఎందుకు కదిలారంటే, వాళ్లను వెనక నుంచి ఓగుజ్‌లు అనే మరో టర్కిక్ జనం నెట్టారు. 893లో మధ్య ఆసియాలో సామానిద్ అమీర్ ఇస్మాయిల్ తలాస్ మీదికి దండెత్తడంతో మొదలైన కదలిక ఇది అని చెబుతారు.

అంటే ప్రాణభయంతో పారిపోయి వచ్చారా, లేక ప్లాన్ వేసుకునే వచ్చారా?

పాత పుస్తకాలన్నీ పారిపోయారనే చెప్పాయి. నా లెక్కలో సగమే నిజం. కార్పాతియన్ కొండల మధ్య ఉన్న ఆ నేల వాళ్లకు కొత్త కాదు. 862లోనే తూర్పు ఫ్రాంకుల రాజ్యం (ఇప్పటి జర్మనీ వైపు) మీద దాడి చేశారు. 881లో వియన్నా దగ్గర యుద్ధం చేశారు. 892లో ఫ్రాంకుల రాజు ఆర్నుల్ఫ్ పక్షాన మొరావియా మీదికి వెళ్లారు. ముప్పై ఏళ్లుగా తిరిగి చూసి, ఎక్కడ మేత ఉందో, ఎవరు బలహీనులో కనిపెట్టుకుని ఉన్నారు.

ఇంటివాళ్లందరినీ పెచెనెగ్‌లు చంపేశారన్న మాట కూడా పూర్తిగా నిలవదు. హంగేరీలోని తొలి తరం సమాధుల్లో తూర్పు తరహా నగలతో ఆడవాళ్లూ ఉన్నారు. కాబట్టి పెచెనెగ్‌ల దెబ్బ తోసింది నిజం, ఎటు వెళ్లాలో ముందే తెలిసి ఉండటమూ నిజం.

వెనక్కి ఎందుకు వెళ్లలేదు?

పెచెనెగ్‌లంటే అంత భయం. ఆ తర్వాత కాలంలో గాబ్రియేల్ అనే బైజాంటైన్ రాయబారి వచ్చి 'మీ పాత నేల మీకే వస్తుంది, వాళ్లను తరిమేయండి' అని అడిగితే, మాగ్యార్ దొరలంతా ఒక్క గొంతుతో కుదరదన్నారు. వాళ్ల దేశం పెద్దది, జనం ఎక్కువ, పైగా దయ్యం పిల్లలు, ఇంకెప్పుడూ మా దగ్గర ఈ మాట ఎత్తొద్దని చెప్పేశారు. యూరప్‌ను గడగడలాడించినవాళ్లు అన్న మాటలివి!

ఏ దారిన వచ్చారు?

ప్రధానమైన గుంపు ఉత్తరాన వెరెత్స్‌కే కనుమ గుండా దిగిందని సంప్రదాయం. ఆ కనుమ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. కొందరు ట్రాన్సిల్వేనియా కనుమల గుండా వచ్చి ఉంటారు. మొదట ఆగింది తీసా నది వైపు, డాన్యూబ్‌కు తూర్పున. అత్యంత ధనవంతమైన తొలి సమాధులు ఎగువ తీసా దగ్గర కారోష్‌లో దొరికాయి. డాన్యూబ్‌కు పడమటి పక్క 900లో, ఆర్నుల్ఫ్ చనిపోయాక, చేతికి వచ్చింది.

అక్కడ అప్పటికే ఎవరూ లేరా?

ఖాళీ నేలేం కాదు. ఉత్తరాన మొరావియన్లు, పడమట ఫ్రాంకుల ఏలుబడిలోని పన్నోనియా, ఆగ్నేయంలో బల్గర్ల ప్రభావం, అంతటా స్లావుల పల్లెలు, అక్కడక్కడ అవార్ల వారసులు. కాకపోతే అందరినీ కలిపి నిలబడే ఒక్క రాజ్యం లేదు. అంతకుముందు ఆ నేలను ఏలిన అవార్ల రాజ్యాన్ని ఫ్రాంకుల రాజు షార్లమేన్ సేనలు 790లలోనే కూల్చేశాయి. మొరావియా పెద్దరాజు స్వాతొప్లుక్ 894లో పోయాడు, కొడుకులు తమలో తాము తగువులాడుకున్నారు.

తెల్ల గుర్రం ఇచ్చి దేశాన్నే కొనేశారన్న కథ నిజమేనా?

కథే. ఆర్పాద్ దూత స్వాతొప్లుక్‌కు బంగారు జీను వేసిన తెల్ల గుర్రాన్నిచ్చి, బదులుగా కాస్త మట్టి, గడ్డి, డాన్యూబ్ నీళ్లు తెచ్చుకున్నాడట. తర్వాత 'నువ్వు మట్టి ఇచ్చావు కాబట్టి దేశం మాదే' అన్నారట. వీళ్లు కొండలు దిగేనాటికి స్వాతొప్లుక్ బతికే లేడు. అయితే నేల, గడ్డి, నీళ్లు తీసుకోవడం అనేది గడ్డి మైదానాల జనాల్లో లొంగుబాటుకు గుర్తు. ఆ జ్ఞాపకం చుట్టూ కథ అల్లుకుని ఉంటుంది.

ఎంతమంది వచ్చారు?

ఒక లక్ష నుంచి ఐదు లక్షల దాకా అంచనాలున్నాయి. అంత తేడా ఉందంటేనే అర్థం చేసుకోవచ్చు, గట్టి ఆధారం లేదని. ఇరవై వేల రౌతులన్న ఇబ్న్ రుస్తా మాటకు కుటుంబాల్ని కలిపి కొందరు, సమాధుల్ని బట్టి కొందరు లెక్కలు కట్టారు.

## దాడుల కాలం

యూరప్ సైన్యాలు వీళ్లను ఎందుకు ఆపలేకపోయాయి?

వేగం, విల్లు, నటన. చెక్క, కొమ్ము, నరాలు కలిపి అతికించిన పొట్టి విల్లు, రికాబుల మీద లేచి వెనక్కి తిరిగి బాణం వేసే నేర్పు. ఓడిపోయినట్టు పారిపోయి, తరిమే శత్రువు చెల్లాచెదురయ్యాక చుట్టుముట్టేవారు. 899లో ఇటలీలో బ్రెంటా నది దగ్గర బెరెంగార్ రాజు సైన్యం ఈ ఎత్తుకే బలైంది. 907లో ఇప్పటి బ్రాటిస్లావా దగ్గర బవేరియా సైన్యం నాశనమై, డ్యూక్ లూయిట్‌పోల్డ్‌తో పాటు సాల్జ్‌బర్గ్ ఆర్చ్‌బిషప్ కూడా చనిపోయాడు. ఆ దెబ్బతో కొత్త నేల మీద వాళ్ల హక్కును అడిగేవాడు లేకుండా పోయాడు.

ఇంకో కారణం యూరప్ రాజుల కుళ్లు. ఓడిపోయిన అదే బెరెంగార్ తర్వాత వాళ్లనే కిరాయికి పిలుచుకున్నాడు. 924లో పావియా నగరం తగలబడింది ఆ పిలుపు మీద వచ్చినవాళ్ల చేతుల్లోనే.

నిజంగా అంత క్రూరులా?

దోచుకున్నారు, తగలబెట్టారు, జనాన్ని బానిసలుగా పట్టుకుపోయారు. అందులో దాపరికం లేదు. కానీ 926లో స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్ మఠం కథ చూడండి. దండు వస్తోందని తెలిసి సన్యాసులంతా కోటలోకి పారిపోయారు. హెరిబాల్డ్ అనే కాస్త అమాయకపు సన్యాసి మాత్రం, ఈ ఏడాది చెప్పులకు ఇవ్వాల్సిన తోలు నాకు ఇంకా ఇవ్వలేదు, నేను రానని భీష్మించుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లు ఆయన్ను ఏమీ అనలేదు. దొడ్లో కూర్చుని మాంసం పీక్కుతిని, ఎముకలు ఒకరి మీద ఒకరు విసురుకుని, వైన్ తాగి, కుస్తీలు పట్టారు. గోపురం మీది కోడి బంగారమనుకుని ఈటెతో పెకలించబోయి ఒకడు కిందపడి చచ్చాడు. తర్వాత తిరిగొచ్చిన సన్యాసులు 'ఎలా ఉన్నార్రా వాళ్లు?' అని అడిగితే, మన మఠంలో ఇంత సరదా మనుషుల్ని నేనెప్పుడూ చూడలేదు, తిండికీ తాగుడికీ లోటు చెయ్యలేదు అన్నాడట.

ఇది ఎక్కెహార్డ్ అనే సన్యాసి వందేళ్ల తర్వాత రాసిన కథ. అదే దాడిలో, పక్కనే ఏకాంత వ్రతంలో ఉన్న విబోరాదా అనే ఆమెను గొడ్డలితో నరికి చంపారు. రెండూ కలిపి చదవాలి.

ఎంత దూరం వెళ్లారు?

పడమట స్పెయిన్ దాకా. 942లో ఆల్ప్స్ దాటి, ఫ్రాన్స్ దక్షిణం గుండా వెళ్లి, ముస్లింల ఏలుబడిలోని లెరిదాను ముట్టడించారు. పట్టుబడ్డ కొందరు కార్డోబాలో ఇస్లాం తీసుకుని ఖలీఫా అంగరక్షకులయ్యారు. తూర్పున కాన్‌స్టాంటినోపుల్ గోడల దాకా వెళ్లారు.

లెహ్‌ఫెల్డ్‌లో ఓడిపోవడంతో అంతా మారిపోయిందా?

955 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గ్ దగ్గర జర్మన్ రాజు ఒట్టో చేతిలో ఓడారు. ఆ ఒక్క రోజు కంటే, ఇంటికి తిరిగి వెళ్లే దారిలో రేవులు మూసేసి పట్టుకున్నప్పుడే ఎక్కువమంది చచ్చారు. బుల్చూ, లేల్ అనే నాయకుల్ని రెగెన్స్‌బర్గ్‌లో ఉరితీశారు. పడమటి దాడులు అక్కడితో ఆగాయి. దక్షిణాన బైజాంటియం వైపు మాత్రం 970 దాకా సాగాయి.

లేల్ చచ్చేముందు కొమ్ముబూర ఊదుతానని అడిగి, దానితోనే చక్రవర్తి తల పగలగొట్టాడన్నది జనం చెప్పుకునే కథ. ఆ బూర అని చూపించే దంతపు కొమ్ము యాస్‌బెరేన్ మ్యూజియంలో ఉంది, అది బైజాంటైన్ పనితనం.

## గుడారం నుంచి గ్రామానికి

దేశదిమ్మరితనం ఎప్పుడు మానేశారు?

రాత్రికి రాత్రి కాదు. నిజానికి వచ్చేటప్పటికే కొంత సేద్యం తెలుసు. గోధుమ, బార్లీ, నాగలి, దూడ, పంది, వైన్ లాంటి వాటికి హంగేరియన్ మాటలు వలసకు ముందే టర్కిక్ జనాల నుంచి వచ్చినవి. చలికాలం ఏటి ఒడ్డున, వేసవిలో మేత కోసం పైకి. క్రమంగా చలికాలపు మకాములే ఊళ్లయ్యాయి. బల్ల, కిటికీ, ఎండుగడ్డి, కమ్మరి లాంటి మాటలు స్లావ్ ఇరుగుపొరుగు నుంచి చేరాయి.

చట్టాలు ఇంకా బాగా చెబుతాయి. ప్రతి పది ఊళ్లూ కలిసి ఒక చర్చి కట్టాలని తొలి క్రైస్తవ రాజు స్టీఫెన్ శాసించాడు. పదకొండో శతాబ్దం చివర్లో లాస్లో రాజు చట్టంలో, ఊరు ఊరంతా చర్చిని వదిలేసి వేరే చోటికి వెళ్లిపోతే బలవంతంగా వెనక్కి తేవాలని ఉంది. కొండలు దాటి రెండు వందల ఏళ్లయినా ఊళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయన్నమాట.

క్రైస్తవులుగా ఎలా మారారు?

మొదట తూర్పు నుంచి. బుల్చూ సుమారు 948లో కాన్‌స్టాంటినోపుల్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు, దాడులు మాత్రం ఆపలేదు. ఆర్పాద్ వంశపు గేజా ప్రభువు పడమటి వైపు తిరిగి, 973లో ఒట్టో దగ్గరికి పన్నెండుమంది దూతల్ని పంపాడు. కానీ పాత దేవుళ్లకు బలులు మానలేదు. బిషప్ మందలిస్తే, ఇద్దరికీ పెట్టగల ఆస్తి నాకుందన్నాడని థీట్మార్ అనే జర్మన్ బిషప్ రాశాడు.

కొడుకు వాయ్క్ బాప్తిస్మంలో స్టీఫెన్ అయ్యాడు, బవేరియా రాకుమారి గిసెలాను పెళ్లాడాడు. వంశంలో పెద్దవాడిని, గద్దె నాదే, పాత ఆచారం ప్రకారం నీ తల్లిని నేనే చేసుకోవాలి అని కొప్పాన్ తిరగబడితే, ఓడించి శవాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు కోటలకు వేలాడదీయించాడు. 1000 క్రిస్మస్ నాడో 1001 జనవరి 1నో కిరీటం పెట్టుకున్నాడు. తర్వాత సెయింట్ అయ్యాడు.

చుట్టూ స్లావులు, జర్మన్లు ఉండగా భాష ఎలా నిలిచింది?

బల్గేరియాలో టర్కిక్ భాష మాట్లాడే కొద్దిమంది పాలకులు స్లావుల్లో కలిసిపోయారు. మాగ్యార్లు అలా కాలేదు. కుటుంబాలతో సహా, తెగలకు తెగలుగా వచ్చి, మైదానం నడిబొడ్డునే ఒత్తుగా కూర్చున్నారు. ఈ భాష కనబడే తొలి రాతల్లో ముఖ్యమైనది 1055లో బాలతోన్ సరస్సు ఒడ్డున తిహాన్ మఠానికి ఇచ్చిన లాటిన్ దానపత్రం. హద్దులు చెప్పేటప్పుడు 'ఫెహేర్వార్‌కు వెళ్లే సైన్యపు బాట' అని ఆ ముక్క మాత్రం హంగేరియన్‌లోనే రాశారు.

## తర్వాత వచ్చే సందేహాలు

మాగ్యార్లు హూణుల వారసులేనా?

హూణుల రాజు అట్టిలా 453లో చనిపోయాడు, మాగ్యార్లు వచ్చింది నాలుగు వందల ఏళ్లకు పైగా గడిచాక. హూనోర్, మాగోర్ అనే అన్నదమ్ములు లేడిని తరుముతూ వచ్చారన్న కథను 1280లలో కేజా సైమన్ రాతకెక్కించాడు. అట్టిలా వారసులమంటే దేశం మీద హక్కు పాతదవుతుంది కదా, రాజులకు బాగా నచ్చింది. హంగేరీలో అట్టిలా అని పిల్లలకు ఇప్పటికీ పేరు పెడతారు.

డీఎన్ఏ ఏం చెబుతోంది?

తొలి తరం సమాధుల్లోని ఎముకల్లో ఉరల్, మధ్య ఆసియా మూలాలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇప్పటి హంగేరియన్ల జన్యువులు మాత్రం చాలావరకు పక్క దేశాలవాళ్లలాగే ఉన్నాయి. వచ్చినవాళ్లు అక్కడివాళ్లలో కలిసిపోయారు, మాట మాత్రం వచ్చినవాళ్లది నిలబడింది.

తెలుగుకూ హంగేరియన్‌కూ చుట్టరికం ఉందంటారు, నిజమా?

ఈ ఊహకు పాత మూలం ఉంది. 1856లో ద్రావిడ భాషల మీద రాసిన కాల్డ్‌వెల్, వాటిని ఫిన్నిష్, హంగేరియన్ లాంటి భాషలున్న 'సిథియన్' కుటుంబంలో చేర్చాడు. ఇప్పటి భాషావేత్తలు ఒప్పుకోరు. పోలికలు మాత్రం సరదాగా ఉంటాయి: మాట చివర ప్రత్యయాలు అతికించడం, పక్క అక్షరాన్ని బట్టి అచ్చులు మారడం, ఇంటిపేరు ముందు రాయడం. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కాదు.

మాగ్యార్ మూలాలు వెతుకుతూ ఇండియా వచ్చినాయన ఎవరు?

కోరోషి చోమా షాండోర్. ట్రాన్సిల్వేనియాలో పుట్టి, 1819లో మాగ్యార్ల పుట్టిల్లు మధ్య ఆసియాలో దొరుకుతుందని బయల్దేరాడు. చాలా దూరం కాలినడకనే సాగి లడాఖ్ చేరి, చలికి వణుకుతూ మఠాల్లో టిబెటన్ నేర్చుకున్నాడు. 1834లో కలకత్తాలో ఆయన టిబెటన్ నిఘంటువు, వ్యాకరణం అచ్చయ్యాయి. 1842లో లాసా వెళుతూ డార్జిలింగ్‌లో జ్వరంతో పోయాడు. వెతికింది దొరకలేదు కానీ, టిబెట్ చదువులకు పునాది వేసినవాడయ్యాడు.

హంగేరీ వెళితే ఇవన్నీ ఎక్కడ చూడొచ్చు?

బుడాపెస్ట్ నేషనల్ మ్యూజియంలో సమాధుల్లో దొరికిన కత్తులు, రికాబులు, నడుముకు కట్టే సంచుల వెండి రేకులు ఉన్నాయి. వీరుల కూడలి, మొదటి మెట్రో లైను వెయ్యేళ్ల పండుగకు కట్టినవే. పండుగ 1895లో జరగాల్సింది, పనులు పూర్తికాక 1896కు జరిపారు. అందుకే పార్లమెంటు గోపురం ఎత్తు 96 మీటర్లు. ఓపుస్తాసేర్‌లో ఫెస్తీ బృందం వేసిన పెద్ద వలయ చిత్రం ఉంది. చుట్టూ వలస దృశ్యం, మధ్యలో నిలబడి చూడాలి. అందంగా ఉంటుంది, చరిత్ర పాఠంగా మాత్రం తీసుకోకండి.